విమానమెక్కిన వీధికుక్క

మా వీధి నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళకు కొదవ లేదు. చదువుకని వెళ్ళి హెచ్-1లో కుదురుకున్నవాళ్ళున్నారు. కూతురి పురుడుకని వెళ్ళి ఆరు నెలలూ బేస్‌మెంట్‌లో సీరియళ్ళు చూసి వచ్చినవాళ్ళున్నారు. చిలుకూరు బాలాజీ చుట్టూ ముందు పదకొండు తిరిగి, పాస్‌పోర్టులో స్టాంపు పడ్డాక నూటెనిమిదీ తీర్చుకుని విమానమెక్కినవాళ్ళున్నారు. వీసా ఊసే లేకుండా వెళ్ళింది మాత్రం ఒక్కతే. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాలిపోయి, గోధుమరంగులో ఉండే వీధికుక్క.

వీసా లేదన్న మాటే గానీ దాని తతంగం దానికీ ఉంది. ఆ కాగితాల సంచీ కొన్ని నెలలు మా ఇంట్లో బీరువా మీదే ఉంది కనుక నాకు తెలుసు. పక్కింటివాళ్ళ అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఇంటి నుంచి పని చేసుకునే వీలు దొరికి ఒక వేసవంతా ఇక్కడే ఉండిపోయింది. అప్పుడు కుదిరింది ఈ స్నేహం. అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీద కూర్చోవడం, ఇది కింది మెట్టు మీద గడ్డం ఆనించి పడుకోవడం. వెళ్ళిపోయాక నాలుగు రోజులు ఆగి ఫోను చేసింది: "బాబాయ్, దాన్ని తీసుకొచ్చేసుకుంటాను." వాళ్ళమ్మగారికి కుక్కంటే భయం, నాన్నగారికి చిరాకు. సూది పడేటప్పుడు మెడ పట్టుకునే ఉద్యోగం అలా నాకు దక్కింది.

అమెరికా లెక్కలో మనది కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశం. రోషపడాల్సిన పని లేదు. ప్రపంచంలో ఏటా రేబిస్‌తో సుమారు 59 వేలమంది చనిపోతున్నారనీ, అందులో మూడో వంతుకు పైగా ఇండియాలోనేననీ అంచనా. వాళ్ళేమో కుక్కల్లో వ్యాపించే రేబిస్‌ను తుడిచిపెట్టేశామని 2007లోనే ప్రకటించుకున్నారు. అక్కడికి 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి 33 కుక్కలు, ఒక పిల్లి కలిసి ఒకే జట్టుగా షికాగోలో దిగాయి. అందరూ మెచ్చుకునే పనే, దిక్కులేని జీవాలకు ఇళ్ళు చూపించడం. కొద్దిరోజులకే వాటిలో ఒకటి పెన్సిల్వేనియాలో జబ్బుపడింది; రేబిస్ అని తేలింది. మిగతావి అప్పటికే తలో రాష్ట్రానికీ వెళ్ళిపోయాయి. వాటినీ, వాటిని ముద్దుపెట్టుకున్నవాళ్ళనీ వెతుక్కుంటూ అధికారులు పరుగులు తీశారు. ఆ జులైలోనే ముప్పున్న దేశాలన్నిటి కుక్కలకూ అమెరికా తలుపు మూసింది. ఇరాన్ నుంచి వచ్చిన కుక్కల్లో రేబిస్ బయటపడి, కెనడా కూడా 2022 సెప్టెంబరు 28 నుంచి వందకు పైగా దేశాల కుక్కల్ని వ్యాపారానికే కాదు, పెంపకానికి ఇచ్చేందుకు తెచ్చినా సరే రానివ్వనంది. అంతకుముందు ఢిల్లీ రోడ్ల మీద నడుము విరిగిన కుక్కలు టొరంటో ఇళ్ళలో సోఫాలెక్కేవి. ఆ దారి అలా మూసుకుపోయింది.

అమెరికా తలుపు 2024 ఆగస్టు 1న కొత్త షరతులతో ఓరగా తెరుచుకుంది. కుక్కకు ఆరు నెలలు నిండాలి. ముందు చర్మం కింద చిప్పు, ఆ తర్వాతే రేబిస్ టీకా. వరస తప్పితే ఆ టీకా లెక్కకు రాదు. మొదటి టీకా పడిన ముప్ఫై రోజుల తర్వాత రక్తం తీసి, వాళ్ళు ఒప్పుకున్న ల్యాబుకే పంపాలి. తీసిన రోజు నుంచి కనీసం 28 రోజులు గడిస్తేగాని కుక్క అక్కడ దిగకూడదు. ఆ రక్త పరీక్ష లేకుండా వెళ్తే దిగినచోటే 28 రోజుల క్వారంటైన్. అదీ ఏ విమానాశ్రయంలో పడితే ఆ విమానాశ్రయంలో కాదు. జెఎఫ్‌కె, లాస్ ఏంజిలిస్ లాంటి కొన్నిచోట్లే అందుకు ఏర్పాట్లున్నాయి. ఇటు మన వైపు నుంచి జంతు క్వారంటైన్ శాఖవారి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

చిప్పు పెద్ద బియ్యపు గింజంత ఉంటుంది. రెండు భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని పైకి లాగి, లావుపాటి సూదితో లోపలికి తోస్తారు. తర్వాత రీడర్ పెట్టి చూస్తే పదిహేను అంకెలు కనిపిస్తాయి. దానికది పెద్ద బాధ కాదు. రక్తం తీయడమే గొడవ. ముందుకాలి మీద ఒక చారికంత వెంట్రుకలు గొరిగారు. నరం దొరకడానికి మోచేతి దగ్గర రబ్బరు బిగించారు. నేను దాని మెడ కింద నుంచి చెయ్యి పోనిచ్చి తలను నా భుజానికి అదుముకుని పట్టుకున్నాను. ఒళ్ళంతా వణికింది గానీ కరవలేదు, మూలగలేదు. కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. వీధిలో పెరిగినవాటికి ముందు తలుపు ఎక్కడుందో చూసుకోవడం అలవాటు. అయిపోయాక బిస్కెట్ ఇస్తే ముట్టలేదు. బయటికొచ్చి నాలుగడుగులు వేశాక, ఎవరూ చూడటం లేదన్నట్టు నా జేబు వాసన చూసింది.

ఆ రోజు ఫారం నింపుతుంటే దాని పేరు దగ్గర కలం ఆగింది. మా వాచ్‌మన్‌కి అది 'ఎర్రది'. స్కూలు పిల్లలకు బ్రౌనీ. మూలన ఇస్త్రీ బండి ఆయనకు రాణి. ఆయన మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పే వేళకు అది ఎక్కడున్నా రాణి అయిపోయేది. మా ఆవిడ దాన్ని ఏ పేరూ పెట్టకుండా "ఏమే" అనేది, దానికీ పలికేది. ఫారం ఒక్క పేరే అడుగుతుంది, యజమాని ఒక్కరే ఉండాలంటుంది. అమ్మాయి అప్పటికే 'చట్నీ' అని తేల్చేసింది. అక్కడ మన కుక్కలకు తిండి పేర్లు పెట్టడం ఆనవాయితీ అట. దోశ, బిర్యానీ, చాయ్ కూడా ఉన్నాయట ఆ చుట్టుపక్కల. నలుగురి దగ్గరా నాలుగు పేర్లతో, నాలుగు పూటల తిండితో బతికిన జీవి అలా ఒక గీత మీదికి వచ్చింది.

నా మనసులో చాలాకాలం తచ్చాడింది ఇదే. మన వీధికుక్క అనాథ కాదు. అలాగని ఎవరిదీ కాదు. రాత్రి పదింటికి అన్నం వేసే ఇల్లు ఒకటి, ఎండకు కారు కింద నీడనిచ్చే ఇల్లు ఒకటి, కర్ర చూపించే ఇల్లు ఒకటి. అన్నిటితోనూ దానికి సంబంధాలున్నాయి. దేనికీ కట్టుబడి లేదు. విదేశంలో ఫొటో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళకు ఇది కనిపించదు. వాళ్ళ దేశంలో కట్టుతాడు లేకుండా రోడ్డు మీద కుక్క ఉందంటే రెండే కారణాలు: తప్పిపోయి ఉండాలి, లేదా ఎవరో వదిలేసి ఉండాలి. రెండూ దుఃఖకారణాలే. మా బ్రౌనీ ఇక్కడున్నన్నాళ్ళూ ఒక్కనాడూ తప్పిపోలేదు. తప్పిపోవాలంటే ముందు ఒకరిదై ఉండాలి గదా.

అమెరికా వెళ్ళిన రెండో వారంలోనే తప్పిపోయింది. సామాన్ల డెలివరీ అబ్బాయి తలుపు తెరిచిన క్షణంలో బయటపడి పరుగు లంకించుకుంది. మెడకు జీపీఎస్ పట్టీ ఉండబట్టి సరిపోయింది. ఒక దేశీ కిరాణా కొట్టు వెనక, చెత్త డబ్బాల దగ్గర దొరికింది. అమ్మాయి ఏడుస్తూ చెప్పింది గానీ నాకు లోపల్లోపల గర్వంగానే అనిపించింది. న్యూజెర్సీ ఎడిసన్‌లో కూడా తన వీధిని పోల్చుకుంది చూశారా!

ఇలాంటి కుక్కల్ని తెచ్చుకున్నవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్పుకుంటారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు దినచర్య అలవాటు, మూడు నెలలకు ఇది నా ఇల్లన్న ధీమా. చట్నీ మొదటి రోజంతా ఒంటికి కూడా పోలేదు. తాడు కట్టిన మనిషి పక్కన నిలబడి చూస్తుంటే ఆ పని చేయడం దానికి ఎప్పుడూ లేదు మరి. గాజు తలుపు అర్థం కాక ముక్కు కొట్టుకుంది. సంచీల్లో వచ్చే గోలీల్లాంటి తిండిని వాసన చూసి పక్కకు తిరిగింది. పెరుగన్నం పెట్టాకగాని మూతి పెట్టలేదు. మంచు పడ్డ పొద్దున ఒక్కో కాలూ విదిలించుకుంటూ ఎలా నడిచిందో వీడియో పంపారు. దీపావళి పీడ వదిలిందనుకుంటే జులై నాలుగు టపాసులు వచ్చాయి. బాత్‌టబ్‌లో దూరి తెల్లారేదాకా బయటికి రాలేదట. ఇప్పుడైతే గుండ్రటి మెత్తటి పరుపు, ఏడాదికోసారి పళ్ళ శుభ్రం, పుట్టినరోజు. ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు కనుక, విమానం దిగిన రోజునే పుట్టినరోజు చేశారు. గజ్జి లేదు, ఒంటి మీద గోమార్లు లేవు, నీళ్ళ ట్యాంకర్ల కింద పడే భయం లేదు. సుఖంగా ఉందా అంటే ఉంది. ఇక్కడ దుఃఖంగా ఉండేదా అంటే నేను ఔననలేను.

మన కథల్లో మనిషి కుక్కను ఎంచుకోడు, కుక్కే మనిషి వెంట పడుతుంది. పాండవులు మహాప్రస్థానానికి బయల్దేరితే అడక్కుండానే ఒక కుక్క వెనక నడిచింది. ద్రౌపది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోయినా అది మానలేదు. చివరికి రథం తెచ్చిన ఇంద్రుడు "రాజా, నువ్వు ఎక్కు, కుక్కకు మాత్రం ప్రవేశం లేదు" అన్నాడు. దిగుమతి నిబంధనలు చదివిన తొలి అధికారి ఆయనేనని నా లెక్క. ధర్మరాజు అది లేకుండా ఎక్కనన్నాడు. నన్నయగారి భారతం ఆదిలోనే ఇంకో కుక్క కథ ఉంది. యజ్ఞశాల దగ్గరికి ఆడుకోవడానికి వచ్చిన పిల్లను జనమేజయుడి తమ్ముళ్ళు ఊరికే కొట్టి తరిమారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికొచ్చి, ఏ తప్పు చేసిందని కొట్టారని నిలదీసింది. అంత పెద్ద భారతం ఒక వీధి పంచాయితీతో మొదలవడం నాకెప్పుడూ ముచ్చటే.

ఈ కాలంలోనూ ఒకటి జరిగింది. ఇండియాలో కాలినడకన తిరుగుతున్న బౌద్ధ భిక్షువుల వెంట ఒక వీధికుక్క పడింది. ఎండకూ వానకూ ఆగక నడుస్తూనే ఉంది. వాళ్ళు దానికి అలోక అని పేరు పెట్టి అమెరికా తీసుకెళ్ళారు. 2025 అక్టోబరులో ఆ భిక్షువులు టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ నుంచి వాషింగ్టన్‌కు శాంతియాత్ర మొదలుపెడితే, అదీ వాళ్ళతో బయల్దేరింది. రోడ్ల పక్కన జనం భిక్షువుల కోసం ఎంత ఎదురుచూశారో దానికోసమూ అంత ఎదురుచూశారు. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉన్న మామూలు దేశవాళీ కుక్క. ఇలాంటిదాన్ని తీసుకెళ్ళడం గురించి ఎవరూ పేచీ పెట్టలేరు. తన మనుషులెవరో అదే తేల్చుకుంది.

ఫొటో చూసి ఎంచుకోవడం వేరు సంగతి. రొమేనియాను చూడండి. 1980లలో నియంత చౌషెస్కూ బుకారెస్ట్‌లో పెరళ్ళున్న ఇళ్ళు పేటలకు పేటలు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపాడు. మనుషులు ఫ్లాట్లలోకి మారారు, పెరటి కుక్కలు వీధిన పడ్డాయి. పిల్లలకు పిల్లలు పుట్టి వేలకు వేలయ్యాయి. 2013 సెప్టెంబరులో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కుక్కలు చంపాయి. దేశం భగ్గుమంది. కొద్దిరోజుల్లోనే పార్లమెంటు చట్టం చేసింది: పట్టుకున్న కుక్కను 14 రోజుల్లో ఎవరూ తీసుకెళ్ళకపోతే చంపవచ్చు. ఆ గడువే విదేశాల్లో జాలికి ముల్లుగర్ర అయింది. బ్రిటన్‌లో, జర్మనీలో మంచి మనసున్నవాళ్ళు ఫొటోలు చూసి, డబ్బు పంపి, వ్యాన్లలో రోజుల తరబడి ప్రయాణం చేయించి కుక్కల్ని తెప్పించుకోసాగారు. ఏ హైవే పక్కన పార్కింగ్‌లోనో చీకట్లో చేతికిస్తారు. వచ్చింది ఫొటోలోని కుక్కే కావచ్చు. అది ఏనాడూ ఇంట్లో ఉండి ఎరగదని, పిల్లల్ని చూస్తే బెదురుతుందని, ఇద్దరు ఆడవాళ్ళున్న షెల్టరులో పెరిగి మగవాళ్ళంటే వణుకుతుందని ఫొటోలో కనిపించదు. దాంతోపాటు బ్రూసెల్లా కానిస్ అనే జబ్బూ వచ్చింది. కుక్కల్లో ఈనికలు చెడగొట్టే ఈ జబ్బుకు పక్కా మందు లేదు, మనుషులకూ అంటుకోగలదు. 2020 నుంచి బ్రిటన్‌లో దీని కేసులు పెరిగాయి, ఎక్కువ భాగం తూర్పు ఐరోపా నుంచి వచ్చిన కుక్కల్లోనే. 2022లో రేబిస్ భయంతో రొమేనియా సహా కొన్ని దేశాల నుంచి అలాంటి తరలింపుల్ని కొన్ని నెలలు ఆపేశారు కూడా. కాపాడిన కుక్కే చివరికి ఇంటికి ముప్పు అని పరీక్షలో తేలితే, ఆ ఇంట్లో వాళ్ళు పడే నరకం పగవాడికి కూడా వద్దు.

ఇస్తాంబుల్‌లో ఇంకో రకం. అక్కడివాళ్ళు మోజుపడి గోల్డెన్ రిట్రీవర్లను కొనుక్కుని, పిల్ల పెద్దదయ్యాక రోడ్డు మీద వదిలేశారు. 2015లో అట్లాంటాలో ఆ జాతినే చూసుకునే ఒక సంస్థ వాటిని విమానంలో తెప్పించుకోవడం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ అదే రోడ్డు మీద, అదే ఆకలితో ఉన్న మామూలు టర్కీ కుక్క వైపు విమానం తిరగలేదు. జాలికి కూడా జాతి అభిరుచి ఉంటుందన్నమాట. మనం నవ్వనక్కర్లేదు. మన దగ్గర మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, ఏసీ గదిలో ఆయాసపడే సైబీరియన్ హస్కీలున్నాయి. పెంపకానికి విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం 2016లో కట్టడి చేసింది గానీ మోజుకు కట్టడి లేదు. మా వీధిలోంచి వీధికుక్క అమెరికా వెళ్ళిన నెలలోనే ఎదురింటివాళ్ళు అప్పుచేసి మరీ హస్కీ పిల్లను తెచ్చారు. రెండూ ఆకాశంలో ఎదురుపడి ఉంటే ఏమని పలకరించుకునేవో.

ఇంకో మాట కూడా అడగాలి. అమెరికాలో కుక్కలకు కరువా? దక్షిణాది రాష్ట్రాల షెల్టర్లు నిండి, ఏటా లక్షల్లో కుక్కల్నీ పిల్లుల్నీ చంపుతున్న దేశమది. ఈశాన్య రాష్ట్రాల్లో మాత్రం కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు బాగా జరిగి షెల్టర్లలో కుక్కపిల్లలే దొరకవు. అందుకే లారీల్లో దక్షిణం నుంచి ఉత్తరానికి తోలుతుంటారు. ఈ సంగతి ఆ అమ్మాయితో అంటే, "బాబాయ్, నాకు కుక్క అక్కర్లేదు. నాకు అది కావాలి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఇష్టం ఇష్టమే. ఇష్టపడి తెచ్చుకున్నదాన్ని ఉద్ధరణ లెక్కలో వేసుకున్నప్పుడే నాకు పేచీ. ఆ పిల్ల అలా వేసుకోలేదు. స్నేహితులు 'నువ్వు దేవతవు' అని పొగిడితే మొహం ముడుచుకుందట.

ఉద్ధరణ అంటే నాకు గుర్తొచ్చేది తెనాలిలో మునిసిపాలిటీ వాళ్ళ కుక్కల బండి. చిన్నప్పుడు బడికి పోతుంటే ఎదురయ్యేది. ఇనుప పటకార్లతో మెడ పట్టి బండిలోకి విసిరేవాళ్ళు. కొన్నిచోట్ల మాంసం ముద్దల్లో మందు పెట్టేవాళ్ళు. ఎన్ని చంపినా మరుసటేటికి మళ్ళీ అన్నే ఉండేవి. చెత్తకుప్ప ఉన్నచోటు ఖాళీగా ఉండదు. ఒకటి పోతే పక్క పేట నుంచి ఇంకొకటి వస్తుంది. ఇది గమనించే మద్రాసులో 1996లో బ్లూ క్రాస్ వాళ్ళు కార్పొరేషన్‌ను ఒప్పించి, చంపడం మాన్పించి, ఆపరేషనూ టీకా చేసి పట్టినచోటే వదలడం మొదలుపెట్టించారు. 2001లో అది దేశమంతటికీ నిబంధన అయింది, 2023లో మళ్ళీ సవరించారు. డెబ్బై శాతం కుక్కలకైనా ఆపరేషన్ కాకపోతే ఫలితం ఉండదంటారు. మన ఊళ్ళలో ఎక్కడ ఆ అంకె చేరిందో చెప్పమంటే అధికారులు నీళ్ళు నములుతారు. 2019 పశుగణనలో దేశంలో వీధికుక్కలు కోటిన్నర పైచిలుకు. విమానాలెన్ని ఎక్కిస్తే తరుగుతాయి?

తరగనందువల్ల జరిగేది కూడా చూశాం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో, తండ్రి కాపలా పనిచేసే చోట ఆడుకుంటున్న పిల్లవాడి మీద కుక్కలు పడ్డాయి. ఆ పిల్లవాడి వయసూ నాలుగేళ్ళే. సీసీటీవీ దృశ్యం ఫోన్లన్నిటికీ వచ్చింది; నేను సగంలో ఆపేశాను. ఆ వారం మా వీధిలో బ్రౌనీకి ఎవరూ అన్నం వేయలేదు. ఇస్త్రీ బండి ఆయన కూడా. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులేసుకొచ్చి సుమారు ఇరవై కుక్కల్ని తుపాకులతో కాల్చి చంపారు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకు దాన్ని మార్చి, ఆపరేషనూ టీకా అయినవాటిని, రేబిస్ ఉన్నవీ మీద పడేవీ తప్ప, పట్టినచోటే వదలమంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర మాత్రం ఉంచొద్దంది. కుక్కల ప్రేమికులూ ద్వేషులూ టీవీల్లో అరుచుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి కుక్కల హక్కుల గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. అలాగని పేలిన తుపాకీ పక్కన నిలబడి చప్పట్లు కొట్టలేను. చెవి కొస కత్తిరించిన కుక్క ఎక్కడ కనిపించినా నాకు ప్రాణం లేచొస్తుంది. దానికి ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు. ఫొటోల్లో ఎవరినీ కరిగించే దృశ్యం కాదది. కానీ ఒక కుక్క విమానం టికెట్టు డబ్బుతో ఒక బస్తీ బస్తీకే ఆపరేషన్లు చేయించవచ్చు.

బ్రౌనీ వెళ్ళిన వారానికే తెల్ల స్విఫ్టు కారు కింద దాని చోటులో ఇంకొకటి చేరింది. నల్లది, సన్నగా ఉంది, ఎవరిని చూసినా మొరుగుతుంది. బ్రౌనీకి ఆపరేషన్ అయి ఉండేది, టీకాలుండేవి, మనిషి మచ్చిక ఉండేది. అది ఉన్నన్నాళ్ళూ పక్క వీధి కుక్కలు మా మలుపు దాటేవి కావు. దీనికి అవేవీ లేవు. "మంచిదాన్ని పంపి మొండిదాన్ని తెచ్చుకున్నం సార్" అన్నాడు వాచ్‌మన్. ఒక వీధి సంగతి అంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? ఆ నల్లదానికి పేరు పెట్టడం, పట్టించి ఆపరేషన్ చేయించడం ఇప్పుడు కొత్తగా మొదలెట్టాలి.

అందుకే అమ్మాయి ఈమధ్య "మా ఆఫీసులో ఒకావిడ చట్నీని చూసి ముచ్చటపడి హైదరాబాద్ నుంచి తనకూ ఒక కుక్కపిల్ల కావాలంటోంది బాబాయ్" అన్నప్పుడు, నేను పిల్లల ఫొటోలు పంపలేదు. పిండిమర దగ్గర మూడుకాళ్ళది ఒకటుంది. నీళ్ళ ట్యాంకర్ వెనక చక్రం కింద పడి కాలు పోయింది. జంతు సంక్షేమ సంఘంవాళ్ళు కోసి కుట్టి బతికించి తెచ్చి వదిలారు. బతకడం బతికింది గానీ వీధి దానికిప్పుడు పనికిరాదు. అన్నం వేస్తే అది చేరేలోపు మిగతావి ఊడ్చేస్తాయి. రాత్రిపూట తరిమితే పిండిమర షట్టరుకు వీపు ఆనించి పళ్ళు చూపిస్తుంది, అంతకంటే ఏం చేయలేదు. వీధి మీద బతుకుతున్నదాన్ని కాదు, బతకలేనిదాన్ని తీసుకెళ్ళమని చెప్పు ఆవిడకి అన్నాను. దాని ఫొటోనే పంపాను, పిండి దుమ్ము ముక్కున అంటుకుని ఉన్నప్పటిది.

కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది: మెట్లు ఎక్కగలదా? మా మేడ మెట్ల దగ్గరికి తీసుకొచ్చి పైమెట్టు మీద ఎండుచేప ముక్క పెట్టాను. ఎగిరెగిరి ఎక్కేసింది. దిగమంటే మాత్రం పైనుంచి మా వైపు చూస్తూ కూర్చుంది. చివరికి వాచ్‌మన్ గోనెసంచీ చేతులకు చుట్టుకుని ఎత్తుకొచ్చాడు. ఎక్కుతుంది, దిగడమే రాదు అని రాశాను. వాళ్ళది గ్రౌండ్ ఫ్లోరేనట, చిప్పు వేయించమన్నారు. శనివారం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. ఈసారి మెడ పట్టుకోవడానికి ఇద్దరం చాలం. ఇస్త్రీ బండి ఆయన్ని కూడా అడిగాను.